హద్దు మీద నిలిచిన క్రీస్తు
(శతవార్షికోత్సవ కూటములలో రెండవ దినమున చేసిన ప్రసంగము)



ఈ కూటములలో మాకిచ్చిన అంశము "సమాధానము". ఈ మాట మనము ప్రతి ఆదివారము పలుకుతాము. ఆరాధనలో ప్రక్కవారి చేతులు పట్టుకొని సమాధానము చెప్పుకొంటాము. ఆ చేతులే సోమవారమునాడు ఒకరి మీద ఒకరికి అర్జీలు వ్రాయుట కూడ మనమెరుగుదుము. కావున సమాధానమును గూర్చి గొప్ప బోధ చేయుటకు మేము పూనుకొనుట లేదు. మేము చేసిన ఒక ప్రయాణమును గూర్చియు, ఆ ప్రయాణము మాలో దిద్దిన ఒక పొరపాటును గూర్చియు చెప్పి ముగిస్తాము.

వాక్యభాగము ఆదికాండము 31వ అధ్యాయము, చివరి వచనములు. మామయైన లాబాను, అల్లుడైన యాకోబు ఇరువది యేండ్లు ఒక ఇంట మెలగినవారు. జీతము పలుమార్లు మార్చావని అల్లుని ఫిర్యాదు. చెప్పకుండ నా కుమార్తెలను తీసికొనిపోయావని మామ ఫిర్యాదు. ఏడు దినములు తరిమి గిలాదు కొండమీద మామ అల్లుని కలిసికొన్నాడు. అక్కడ కత్తి దూయవలసినవారు రాళ్ళు పోగుచేశారు. ఆ కుప్పమీదనే భోజనము చేశారు. కీడు చేయుటకై ఈ కుప్పను దాటి నీవు నా యొద్దకు రాకూడదు, నేను నీ యొద్దకు రాకూడదు అని ప్రమాణము చేసికొన్నారు. లాబాను దానికి తన భాషలో ఒక పేరు పెట్టాడు, యాకోబు తన భాషలో గలేదు అని పేరు పెట్టాడు. భాషలు రెండు, అర్థము ఒక్కటే: సాక్షిగా నిలిచిన కుప్ప. కొండమీద హద్దు రాయిగా ఒక సాక్షి యుండుట అప్పటినుండి ఉన్నదే.

అటువంటి సాక్షి ఈ లోకములో మరొకటి కలదు. దక్షిణ అమెరికా ఖండములో అర్జెంటీనా, చిలీ అను రెండు దేశముల నడుమ ఆండీస్ పర్వతములు గోడవలె నిలిచియున్నవి. ఆ పర్వతములలో పాత కొండదారి ప్రక్కన, సరిగా హద్దు మీద, క్రీస్తు ప్రభువు శిల్పమొకటి 1904వ సంవత్సరమునుండి నిలిచియున్నది. మన ప్రసంగీకులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఆ శిల్పమును గూర్చిన ఒక కథ ఉపమానముల పుస్తకములలో తరచుగా కనిపించును. మేమును ఆ కథను పదిహేనేండ్లు ప్రసంగపీఠము మీద చెప్పినవారమే.

కథ ఏమనగా, రెండు దేశములు యుద్ధము మానుకొని క్రీస్తు శిల్పమును నిలిపిన తరువాత, ఆయన ముఖము అర్జెంటీనా వైపునకే యున్నదని చిలీ ప్రజలు చిన్నబుచ్చుకొన్నారట. "క్రీస్తు మాకు వీపు త్రిప్పాడు" అని గొణిగారట. సమాధానము కొరకు పెట్టిన శిల్పమే తగవునకు కారణమయ్యేటట్లున్నదట. అప్పుడు చిలీలో ఒక పత్రికాధిపతి, "ఆ అర్జెంటీనావారినే ఎక్కువగా కనిపెట్టి చూడవలసి యున్నది, అందుకే ఆయన అటు తిరిగాడు" అని వ్రాసెనట. అందరు నవ్వి ఊరుకొన్నారట.

ఈ కథ మేము ఊరక చెప్పలేదు, పని నిమిత్తము చెప్పాము. అప్పుడు మేము ఒక గ్రామీణ పాస్టరేటులో సేవ చేస్తున్నాము. ఆ ఊరిలో మనవారి పేటలు రెండు, తూర్పు పేట, పడమటి పేట. క్రొత్త దేవాలయము కట్టినప్పుడు ద్వారము తూర్పు పేట వైపు వచ్చింది. "అయ్యగారూ, దేవుడు కూడ మాకు వీపే చూపించాడు గదా" అని పడమటి పేట పెద్ద ఒకరు సంఘ కూటములో లేచి అన్నారు. మేము వెంటనే ఆ ఆండీస్ కథ చెప్పాము. "తూర్పు పేటవారినే కనిపెట్టవలసి యున్నది, మీరు మంచివారు" అన్నాము. అందరు పగలబడి నవ్వారు. టీలు త్రాగి ఇండ్లకు పోయారు. తగవు తీరిందని మేము సంతోషించాము.

తగవు తీరలేదు. ద్వారము పైకి చెప్పిన మాట మాత్రమే. లోపలి మాట వేరు. దేవాలయము చుట్టు ప్రహరీ కట్టినప్పుడు పడమటి పేటవారు సమాధుల తోటకు పోవు దారి ఇరుకైపోయింది. శవపేటిక మోయువారు నలుగురు ప్రక్క ప్రక్కన నడువలేక, చెరువు గట్టు చుట్టు తిరిగి పోవలసి వచ్చేది. వానకాలములో ఆ గట్టు మీద కాలు జారితే ఏమగునో మీరే ఊహించండి. "కొలిపించండి అయ్యగారూ" అని వారు రెండు సార్లు అడిగారు. "సహోదరుల మధ్య కొలతలెందుకు? ప్రార్థన చేద్దాము" అని మేము దాటవేశాము.

ఈ స్థితిలో 2019 ఫిబ్రవరిలో ఒక క్రైస్తవ సమావేశము నిమిత్తము మేము నలుగురు గురువులము అర్జెంటీనా వెళ్ళాము. సమావేశము ముగిసిన తరువాత రెండు దినములు తీరిక దొరికింది. ఎక్కడికి పోదామని అడుగగా, పదిహేనేండ్లు కథ చెప్పినవారము గనుక ఆ స్థలము చూపించండి అన్నాము.

ఇక్కడ కొందరు, "మనకు ప్రతిమలతో పనేమి?" అని అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. మేము మ్రొక్కుటకు వెళ్ళలేదు. యాకోబు రాళ్ళకుప్పకు మ్రొక్కలేదు, దాని ప్రక్కన భోజనము చేశాడు. యెహోషువ యొర్దానులోనుండి తెచ్చి గిల్గాలులో నిలిపిన రాళ్ళు మ్రొక్కుటకు కావు, "ఇవి ఏమిటి?" అని పిల్లలు అడుగుటకు. మేమును ఆ పిల్లలవలె అడుగుటకే వెళ్ళాము.

పర్వతముల అడుగున మెండోజా అను పట్టణము కలదు. కొండలమీది మంచు కరిగి వచ్చిన నీటిని కాలువలలో పారించి అక్కడ ద్రాక్షతోటలు పెంచుతారు. అక్కడనుండి తెల్లవారుజామున ఒక వ్యానులో బయలుదేరాము. ఉస్పజాతా అను లోయ దాటిన తరువాత రోడ్డు నది వెంబడి పైకి పోవును. దాని ప్రక్కనే 1910లో తెరచిన పాత రైలు మార్గము తుప్పు పట్టి కనిపించును. మన అరకు ఘాటు, శ్రీశైలము ఘాటు ఎక్కినవారికి కొండదారి అనగానే పచ్చదనము, చెట్లు, కోతులు తలపునకు వచ్చును. అక్కడ చెట్టు ఒక్కటి లేదు. కొండలు ఎఱ్ఱగా, పసుపుగా, బూడిద రంగుగా, ఒక చోట వంకాయ రంగుగా ఉన్నవి. కుడిప్రక్క ఒక సందులోనుండి అకొంకాగువా శిఖరము కనిపించింది. దాని ఎత్తు 6,961 మీటర్లు. ఆసియా ఖండము వెలుపల ఇంతకంటె ఎత్తైన శిఖరము లేదు. కీర్తనకారుడు కొండలతట్టు కన్నులెత్తినప్పటి మనస్సు మాకు కొంచెము తెలిసింది.

ఈ దారికి ఒక చరిత్ర కలదు. 1817లో సాన్ మార్టిన్ అను సేనాపతి అర్జెంటీనా వైపునుండి సైన్యముతో ఈ పర్వతములు దాటి, చిలీవారితో కూడ నిలిచి పోరాడి, ఆ దేశమును స్పెయిను పాలననుండి విడిపించుటకు తోడ్పడినాడు. ఆ సైన్యములో ఒక భాగము ఈ ఉస్పజాతా దారినే నడిచింది. అనగా రెండు దేశములు ఒకే పోరాటములో స్వేచ్ఛ పొందిన అన్నదమ్ములు. ఎనుబది యేండ్లు గడచునప్పటికి ఆ అన్నదమ్ములే ఒకరిమీద ఒకరు ఫిరంగులు సిద్ధము చేసికొన్నారు.

కారణము మన పల్లెటూళ్ళవారికి చెప్పనక్కరలేదు, అది గట్టు తగాదా. 1881లో వారు వ్రాసికొన్న ఒప్పందములో హద్దు ఎత్తైన శిఖరముల వెంబడి, నీళ్ళు ఇరుప్రక్కలకు చీలిపోవు గట్టు వెంబడి పోవునని యున్నది. ఉత్తరమున ఈ రెండును ఒక్కటే. దక్షిణమునకు పోయినకొలది శిఖరములు ఒక చోట, నీరు చీలు గట్టు వేరొక చోట ఉన్నవి. శిఖరములే హద్దు అని అర్జెంటీనా, నీటి గట్టే హద్దు అని చిలీ వాదించాయి. దస్తావేజు ఒక్కటే, చదువుకొన్న తీరులు రెండు. ఇరువురు అప్పులు చేసి యుద్ధనౌకలు కట్టించుకొన్నారు.

లాస్ క్వేవాస్ అను చిన్న ఊరు హద్దునకు ముందున్న చివరి ఊరు. అక్కడ దారి రెండుగా చీలును. 1980లో తెరచిన సొరంగము దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున కొండ కడుపులోనుండి చిలీకి పోవును. బారులు తీరిన లారీలన్నీ దానిలోనికే దూరిపోతున్నవి. పాత దారి మాత్రము కంకర దారిగా, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ కొండ నెత్తికి ఎక్కును. మంచు పడు కాలములో దానిని మూసివేస్తారు. దాని అంచున పిట్టగోడ లేదు. మలుపు మలుపునకు మా నలుగురిలో పెద్దవారు "స్తోత్రము, స్తోత్రము" అన్నారు. అది ఆరాధనో భయమో మేము అడుగలేదు.

పైకి చేరి దిగగానే గాలి కొట్టిన కొట్టుకు నిలువలేకపోయాము. అది సుమారు 3,800 మీటర్ల ఎత్తు. నాలుగడుగులు వేస్తే ఆయాసము. ఒక చిన్న గదిలో వేడి చాక్లెట్టు పానీయము అమ్ముతున్నారు. అది త్రాగి, చెవులకు తువాలు చుట్టుకొని శిల్పము దగ్గరకు నడిచాము. రాతి పీఠము ఆరు మీటర్లు, దాని మీద కంచు శిల్పము ఏడు మీటర్లు, బరువు దాదాపు నాలుగు టన్నులు. ప్రభువు ఎడమచేతిలో సిలువ యున్నది, కుడిచేయి దీవించుటకు ఎత్తియున్నది. ఒక ప్రక్క అర్జెంటీనా జెండా, ఒక ప్రక్క చిలీ జెండా గాలికి టపటప కొట్టుకొనుచున్నవి.

అప్పుడు మాకు ఒక సంగతి తట్టింది. ప్రభువు ముఖము అర్జెంటీనా వైపు లేదు, చిలీ వైపును లేదు. హద్దు ఏ వరుసను పోవుచున్నదో ఆ వరుస వెంబడి ఆయన చూచుచున్నాడు. ఒక దేశము ఆయన కుడిప్రక్క, ఒక దేశము ఆయన ఎడమప్రక్క. వీపు ఎవరికిని లేదు.

సహోదరులారా, మాకు సిగ్గు వేసింది. పదిహేనేండ్లు మేము చెప్పిన కథకు ఆధారమైన మాటయే అక్కడ కనబడలేదు. కథ తప్పైనందుకు అంత బాధ లేదు. ఆ కథ చెప్పి మేము ఏమి దాచిపెట్టామో అది గుర్తుకు వచ్చింది. తగవును నవ్వుతో కప్పవచ్చునని ఆ కథ మాకు నేర్పింది. ఆ దేశములు చేసినది అది కాదు.

వారు చేసినది వినండి. తమంతట తాము తీర్చుకొనలేమని ఒప్పుకొని, ఇంగ్లండు రాజును మధ్యవర్తిగా పెట్టుకొన్నారు. కొలుచుటకు థామస్ హోల్డిచ్ అను అధికారి వెళ్ళాడు. ఈయన మన దేశపు వాయవ్య సరిహద్దులలో ఏండ్ల తరబడి సర్వే పని చేసినవాడు. మన కొండలలో గొలుసు పట్టిన చేయి ఆ కొండలను కూడ కొలిచింది. తీర్పు వెలువడుటకు ముందే, 1902 మే నెలలో రెండు దేశములు ఒప్పందము చేసికొని కట్టించుచున్న యుద్ధనౌకలను వదలుకొన్నవి. ఆ నవంబరులో ఏడవ ఎడ్వర్డు రాజు తీర్పు చెప్పెను. అది అడిగినదంతయు ఎవరికిని ఇచ్చిన తీర్పు కాదు. ఇరువురును అంగీకరించారు. 1903లో హద్దు గుర్తులు పాతారు. ఇదంతయు జరిగిన తరువాతనే శిల్పము కొండ యెక్కింది.

ఆ శిల్పము కథయు చక్కనిదే. కూయో ప్రాంతపు బిషప్ మార్కొలినో బెనవెంటే గారు క్రీస్తు శిల్పమొకటి చేయించ తలపెట్టారు. మతేయో అలోన్సో అను శిల్పి దానిని చేశాడు. కొంతకాలము అది రాజధానిలో ఒక పాఠశాల ఆవరణలో నిలిచియుండెను. ఆంహెలా ఒలివేరా సేసార్ దె కోస్తా అను సహోదరి, క్రైస్తవ స్త్రీలకు నాయకురాలు, "సమాధానము కుదిరితే దీనిని హద్దుమీద నిలుపుదాము" అని ఇరుదేశముల పెద్దలతో మాటలాడి పని నడిపించింది. మన స్త్రీల మైత్రివారు ఈ పేరు జ్ఞాపకముంచుకొందురు గాక. పాత ఫిరంగులను కరగించి ఆ కంచు పోసిరని అక్కడివారు చెప్పుకొందురు. దాని భాగములను రైలుమీద, ఆ పైన కంచరగాడిదల మీద కొండకెక్కించారు. 1904 మార్చి 13, ఆదివారము, ఇరుదేశములనుండి సుమారు మూడువేలమంది అక్కడ కూడారు. పోరాడుటకు సిద్ధమైన సైన్యములు రెండును కలిసి వందన తుపాకులు పేల్చాయి. ఆ శిల్పము దగ్గర తరువాత 1937లో ఒక ఫలకము పెట్టారు. రక్షకుని పాదముల యొద్ద చేసిన సమాధాన ప్రమాణమును ఈ ప్రజలు మీరుటకంటె ముందు ఈ పర్వతములే ధూళిగా రాలిపోవునని దాని భావము.

ఇంత గొప్ప మాట వ్రాసిన తరువాత అంతయు సుఖమే అనుకొంటారు. మేమును అట్లే అనుకొని దిగుటకు వ్యాను ఎక్కాము. మా డ్రైవరు అరువది దాటవచ్చిన మనిషి. మాలో ఒకరికి స్పానిషు కొంచెము వచ్చును. "యుద్ధము మరల రాలేదు గదా?" అని ఆయన ద్వారా అడిగించాము. డ్రైవరు కొంతసేపు మాటలాడలేదు. మలుపులో వ్యాను ప్రక్కకు ఆపి చెప్పాడు.

"1978లో నాకు పంతొమ్మిదేండ్లు. నిర్బంధ సైనిక సేవలో ఉన్నాను. డిసెంబరు నెలలో మమ్మును దక్షిణమున ఒక కనుమ దగ్గరకు తీసికొనిపోయారు. అవతలి కొండమీద నా వయస్సు పిల్లలే ఉన్నారని తెలుసు. రాత్రి వారి మంటలు కనిపించేవి. మా అమ్మకు ఉత్తరము వ్రాసి చొక్కాలో పెట్టుకొన్నాను. క్రిస్మసుకు ముందు ఒక రాత్రి, తెల్లవారితే దాటాలి అన్నారు. తెల్లవారింది. దాటవద్దు అన్నారు. ఎందుకో మాకెవరు చెప్పలేదు."

ఎందుకో చరిత్ర చెప్పుచున్నది. ఖండపు దక్షిణపు కొనలో మూడు చిన్న దీవులను గూర్చి మరల హద్దు తగాదా వచ్చింది. మధ్యవర్తుల తీర్పు 1977లో దీవులను చిలీకి ఇచ్చింది. అర్జెంటీనా సైనిక ప్రభుత్వము 1978 జనవరిలో ఆ తీర్పు చెల్లదన్నది. 1902లో తీర్పునకు తల వంచిన దేశమే అప్పుడు త్రోసివేసింది. డిసెంబరు 22న దండెత్తుటకు ఏర్పాటులు జరిగాయి. ఆఖరి గడియలలో రోము పోపు రెండవ జాన్ పాల్ గారు కలుగజేసికొని, కార్డినల్ ఆంటోనియో సమోరే అను వృద్ధుని పంపారు. ఆయన రెండు రాజధానుల మధ్య తిరిగి తిరిగి, 1979 జనవరి 8న ఇరువురిచేత బలప్రయోగము చేయమని సంతకము చేయించాడు. తరువాత సంప్రదింపులు ఆరేండ్లు సాగాయి. 1984 నవంబరు 29న శాంతి స్నేహ ఒడంబడిక కుదిరింది. దీవులు చిలీకే మిగిలాయి, సముద్రపు హక్కులు ఎక్కువగా అర్జెంటీనాకు దక్కాయి. సమోరే గారు ఆ దినము చూడలేదు. 1983లోనే కన్ను మూశాడు. ఇప్పుడు ఆండీస్‌లో దక్షిణమున మరియొక కొండదారికి ఆయన పేరే పెట్టారు.

కాబట్టి ఆ కంచు శిల్పము 1978లో యుద్ధమును ఆపలేదు. అది సాక్షి మాత్రమే. సాక్షి చేయగల పని ఒక్కటే: నీవు ప్రమాణము చేశావని జ్ఞాపకము చేయుట. ప్రమాణమును నిలుపవలసినది ప్రాణమున్న మనుష్యులు. సమాధానమును తండ్రులు ఒకసారి కుదిర్చి కుమారులకు ఆస్తిగా వ్రాసి ఇచ్చుటకు వీలులేదు. ప్రతి తరము మరల కుదుర్చుకొనవలెను.

మేము ఊరికి తిరిగి వచ్చిన ఆదివారము సంఘములో నిలిచి, "మేము మీకు చెప్పిన కథ తప్పు, మేము చేసిన పనియు తప్పు" అని చెప్పాము. మండల సర్వేయరుకు అర్జీ పెట్టాము. మార్చి నెలలో ఆయన వచ్చి, ఎఫ్.ఎం.బి. పటము చూచి, గొలుసు వేసి కొలిచాడు. రెండు పేటలవారు నిలబడి చూచారు. ప్రహరీ గోడ దారిలోనికి అయిదడుగులు వచ్చినదని తేలింది.

ఆ గోడ ఎవరు కట్టారు? తూర్పు పేటవారు కాదు, మేము. మా కాలములో, మా సంతకముతో, కొలత వేయకుండ, నలుబదివేలు ఖర్చు పెట్టి కట్టించిన గోడ అది. కొలతలెందుకని దాటవేసినప్పుడు మా మనస్సులో ఆ అనుమానము లేకపోలేదు. ప్రేమ పేరు చెప్పి మేము కాపాడుకొన్నది మా గోడను. ఇది ఇంతమంది యెదుట చెప్పుట సులభము కాదు. అయినను చెప్పకుండ ఈ అంశమును గూర్చి మాటలాడుటకు మాకు హక్కు లేదు.

గోడ పడగొట్టుట మీద వాదన వచ్చింది. చందా ఇచ్చినవారు కొందరు నొచ్చుకొన్నారు. చివరకు తూర్పు పేట యౌవనస్థులే గునపములు తెచ్చారు. ఆ యేడు ఈస్టరు ఏప్రిల్ 21న వచ్చింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు, కొవ్వొత్తులు పువ్వులు పట్టుకొని రెండు పేటలవారు ఆ దారినే సమాధుల తోటకు నడిచారు. నలుగురు కాదు, ఆరుగురు ప్రక్క ప్రక్కన నడువగలిగారు. ద్వారము వీపు అన్న ఆ పెద్దాయన మా ప్రక్కన నడుస్తూ, "ద్వారము ఎటుంటే ఏమిలే అయ్యగారూ, దారి ఉన్నది గదా" అన్నారు. అందరు కలిసిరని చెప్పము. ఒక కుటుంబము నేటికిని చెరువు గట్టు మీదనే నడుచుచున్నది. వారి కొరకు ప్రార్థించండి. వారి ఇంటికి మేము పోవుట మానలేదు.

మన సంఘ చరిత్రలో కూడ ఈ పాఠము కలదు. 1919లో తరంగంబాడిలో సంఘముల ఐక్యతను గూర్చి కూడినప్పుడు మన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు ముందు నిలిచినవారిలో ఒకరు. బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము, బిషప్పుల అధికారము ఒక్కొక్కటిగా కొలిచి కొలిచి మాటలాడుకొనుటకు ఇరువది యెనిమిదేండ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. అజరయ్య గారు 1945 జనవరి 1ననే ప్రభువు నందు నిద్రించారు. సమోరే గారివలె ఆయనయు విత్తి పోయినవాడు. మనము కోసినవారము.

ఈ శతవార్షికోత్సవములో మనము ఫలకములు ఆవిష్కరిస్తున్నాము, స్తంభములు నిలుపుతున్నాము. చేయవలసినదే. అయితే క్రమము మరువవద్దు. బలిపీఠము నొద్ద అర్పణము విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు కొండమీద బోధించాడు. ఆండీస్ కొండమీద కూడ మొదట కొలత, పిమ్మట తీర్పు, పిమ్మట వదలుకొనుట, అటు తరువాతనే శిల్పము. మనము తరచుగా శిల్పముతో మొదలుపెట్టి కొలత దగ్గర ఆగిపోతాము.

కాబట్టి మా మనవి చిన్నది. ప్రతి పాస్టరేటులో ఈ శతవార్షిక సంవత్సరము వెళ్ళకమునుపు మూసుకొనిపోయిన దారి ఒకటి కనుగొనండి. అది సమాధుల తోట దారి కావచ్చును, పాఠశాల లెక్కల పుస్తకము కావచ్చును, అన్నదమ్ముల మధ్య పలుకు కావచ్చును. దానిని నవ్వుతో కప్పకండి, ప్రార్థన పేరుతో దాటవేయకండి. ప్రార్థన చేసి, గొలుసు పట్టుకొని కొలవండి. గోడ మనదే యని తేలితే గునపము మనమే మొదట పట్టుకొందము.

ఆ కొండమీద ఆయన ఎవరికిని వీపు త్రిప్పలేదు. ఇరుప్రక్కలవారు ఆయన చేతుల క్రిందనే యున్నారు. మన మధ్యగోడను తన శరీరమందు పడగొట్టిన ఆ ప్రభువు మన సంఘములను, మన పేటలను, మన ఇండ్లను తన సమాధానముతో నింపును గాక. ఆమేన్.